సర్కారు బడి నిధుల లెక్క: కమిటీ సభ్యులు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేం చూడాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాఠశాల యాజమాన్య కమిటీకి ఎన్నికైన తల్లిదండ్రుల్లో చాలామంది పిలిచినప్పుడు సమావేశానికి వెళ్లి, తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టి వచ్చేస్తారు. విద్యాహక్కు చట్టం వారికి అప్పగించిన పని అంతకంటే పెద్దది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. ప్రభుత్వం నుంచి గానీ, స్థానిక సంస్థల నుంచి గానీ, మరే మార్గంలో గానీ బడికి అందిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం ఆ కమిటీ విధుల్లో ఒకటి. కాబట్టి లెక్క చూపించమని అడగడం హెడ్మాస్టరును అనుమానించడం కాదు.

ముందుగా ఏ డబ్బు బడి చేతికి వస్తుందో, ఏది రాదో వేరు చేసుకోవాలి. జిల్లా పరిషత్, మండల పరిషత్ బడుల్లో ఉపాధ్యాయుల జీతాలు 010 పద్దు కింద ఖజానా నుంచి నేరుగా వారి ఖాతాలకు వెళతాయి. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగులు వస్తువుల రూపంలోనే వస్తాయి. మధ్యాహ్న భోజనానికి బియ్యం విడిగా వస్తుంది, వండినందుకు బిల్లు హాజరును బట్టి వంట చేసేవారికి చెల్లిస్తారు. వీటిలో ఆలస్యం జరిగితే మండల విద్యాధికారికో (ఎంఈఓ) జిల్లా విద్యాధికారికో (డీఈఓ) రాయాలి తప్ప హెడ్మాస్టరును నిలదీసి ప్రయోజనం ఉండదు. అయితే హాజరుపట్టీలో ఉన్న సంఖ్యకూ, ఆ రోజు భోజనం చేసిన పిల్లల సంఖ్యకూ పొంతన ఉందో లేదో చూడటం మాత్రం కమిటీ చేయగలిగిన పనే.

బడి స్థాయిలోనే ఖర్చయ్యేది, కమిటీ కళ్ల ముందు తేలిపోయేది కాంపోజిట్ స్కూల్ గ్రాంటు. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరించే సమగ్ర శిక్ష పథకం కింద ఇది వస్తుంది. పిల్లల సంఖ్య 30 వరకు ఉంటే ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000, ఆపైన లక్ష రూపాయలు అని పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు కేటాయించాలి. మిగిలినది కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, బోధన సామగ్రి, తాగునీరు, పాడైన ఫ్యాను బాగుచేయించడం, గోడలకూ మరుగుదొడ్లకూ చిన్న మరమ్మతులు వంటి వాటికి. గ్రంథాలయానికీ ఆటల సామగ్రికీ వేరే గ్రాంట్లు ఉన్నాయి గనుక, పుస్తకాలూ బంతులూ కొన్న బిల్లులు ఈ గ్రాంటులోనే కనిపిస్తే కారణం అడగాలి.

పై అంకెలను మరోసారి చూడండి. వందమంది పిల్లలున్న బడికి 25,000 వస్తుంటే, నూట ఒకరు ఉన్న బడికి 50,000 వస్తుంది. ఒక్క పేరుతో గ్రాంటు రెట్టింపవుతుంది. పిల్లల లెక్క బడుల వివరాలన్నీ నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్ ప్లస్ నుంచి తీసుకుంటారు, దానికి సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా పాటిస్తారు. మన జిల్లాల నుంచి కూలి పనులకు విశాఖ, హైదరాబాద్, చెన్నై వైపు కుటుంబాలతో సహా వలస వెళ్లేవారు ఎక్కువ. పిల్లవాడు అవ్వ దగ్గర ఉండి బడికి వస్తున్నా ఆధార్ వివరాలు సరిపోలక పేరు నమోదు కాకపోవచ్చు. అలాగే వలస వెళ్లిపోయిన పిల్లల పేర్లు అలాగే మిగిలిపోవచ్చు. సెప్టెంబరులో జరిగే సమావేశంలో తరగతులవారీగా పేర్లు చదివించి, బడికి వస్తున్న ప్రతి బిడ్డా నమోదై ఉన్నట్టు, రాని పేరు లేనట్టు చూసుకోవడం ఏడాది మొత్తంలో కమిటీ చేయగల అతి ముఖ్యమైన పని అని నా అభిప్రాయం. లేని పిల్లలను చూపించి గ్రాంటు పెంచుకోవాలని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోవద్దు, ఆ తప్పుడు లెక్క భోజనం దగ్గరా పోస్టుల దగ్గరా బయటపడుతుంది.

ఇప్పుడు డబ్బు పాత పద్ధతిలో బడి ఖాతాలో వచ్చి పడి ఉండదు. 2021 తరువాత రాష్ట్రస్థాయిలోని ఒకే ఖాతాలో సొమ్ము ఉంచి, బడుల ఖాతాలకు ఖర్చు పరిమితి మాత్రమే ఇచ్చే విధానం వచ్చింది. అందువల్ల పాస్‌బుక్కులో సున్నా కనిపించినంత మాత్రాన గ్రాంటు రాలేదనుకోకూడదు. ఎంత పరిమితి ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, అందులో ఎంత వాడారు అన్న మూడు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. వాడని పరిమితి వెనక్కి పోతుందన్న భయంతో చివరి వారంలో హడావిడిగా కొన్న వస్తువులు బీరువాలోనే ఉండిపోతాయి. ఏం కావాలో నవంబరు, డిసెంబరు నాటికే తీర్మానం రాసి పెట్టుకుంటే ఆ పరిస్థితి రాదు.

పుస్తకాలు చూసేటప్పుడు క్యాష్ బుక్, ఓచర్లు, స్టాకు రిజిస్టరు, తీర్మానాల పుస్తకం నాలుగూ ఒకే బల్ల మీద పెట్టించుకోండి. ఉదాహరణకు క్యాష్ బుక్కులో ‘రెండు ఫ్యాన్లు, 3,600’ అని ఉందనుకుందాం. దాని ఎదురుగా ఉన్న ఓచరు నంబరు పట్టుకుని బిల్లు తీసి, దుకాణం పేరు, తేదీ, మొత్తం సరిచూడాలి. తరువాత స్టాకు రిజిస్టరులో ఆ రెండు ఫ్యాన్లు జమ అయ్యాయా, ఏ గదికి ఇచ్చారో రాశారా అన్నది చూడాలి. చివరగా ఆ గదికి వెళ్లి తల ఎత్తి చూడాలి. కొనుగోలుకు ముందు తేదీతో తీర్మానం ఉందో లేదో కూడా గమనించాలి, ఎందుకంటే ఖర్చయ్యాక రాసే తీర్మానం కమిటీ నిర్ణయం అనిపించుకోదు. ఖాళీ పేజీ మీద గానీ, అంకెలు నింపని వినియోగ ధ్రువపత్రం మీద గానీ ఎంత పరిచయస్తులు అడిగినా సంతకం పెట్టవద్దు. చదవడం రాని సభ్యులుంటే ప్రతి పద్దునూ పైకి చదివించాలి.

గదులు కట్టడం, ప్రహరీ, పైకప్పు మార్చడం వంటివి ఈ చిన్న గ్రాంటుతో అయ్యేవి కావు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుపాను బడి కప్పు లేపుకుపోతే ఫొటోలతో, ఇంజనీరు అంచనాతో వేరుగా ప్రతిపాదన పంపాలి. దానికి పనికొచ్చేది 22వ సెక్షన్ కింద కమిటీ తయారుచేయవలసిన పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. అందులో లేని అవసరానికి పై నుంచి డబ్బు రావడం కష్టం.

2025లో తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ప్రకటించిన 15,000లో 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బడుల నిర్వహణ, అభివృద్ధి కోసం మినహాయించారు. ఆ వాటాలో మన బడికి ఏం ఖర్చు చేశారో తెలుసుకునే హక్కు ప్రతి తల్లికీ ఉంది.

నోటిమాటగా అడిగినా పుస్తకాలు చూపించకపోతే, ముందు కమిటీ అధ్యక్షుల సంతకంతో హెడ్మాస్టరుకు లేఖ ఇచ్చి నకలు మీద అందినట్టు రాయించుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ‘నిధుల వివరాలు ఇవ్వండి’ అని అస్పష్టంగా రాయకుండా, ఫలానా ఆర్థిక సంవత్సరానికి ఈ బడికి విడుదలైన కాంపోజిట్ గ్రాంటు ఉత్తర్వు నకలు, క్యాష్ బుక్ పేజీల నకళ్లు, వినియోగ ధ్రువపత్రం నకలు అని విడివిడిగా అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తరువాత 30 రోజుల లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసుకోవచ్చు. వచ్చిన నకళ్లను తరువాతి సమావేశంలో అందరి ముందూ చదివించి, ఏ పద్దుకు జవాబు రావలసి ఉందో తీర్మానాల పుస్తకంలో పేరు పేరునా రాయించండి.