గ్రహాల లెక్కల్లో ముందు వెతకాల్సింది మారనిదాన్ని

కావలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. గురుత్వాకర్షణ చాప్టర్‌కి వచ్చేసరికి, లెక్క సగం చదవగానే వాళ్ల పెన్ను సూత్రం మీదికి పోతుంది. కాలం² ∝ దూరం³ (ఒక చుట్టు తిరిగే కాలం వర్గం, మధ్య వస్తువు నుంచి దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుంది) అని గబగబా రాసేస్తారు. ఆ తర్వాత ఇచ్చిన అంకెల్ని ఎక్కడ పెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: అనుపాతం గుర్తు పెట్టే ముందు, ఈ లెక్కలో ఏది మారలేదో పట్టుకోండి.

మా పిల్లల్లో చాలామందివి రొయ్యల గుంటలున్న ఇళ్లు. కౌంట్ గురించి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క గురించి, వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 100 కౌంట్‌లో రొయ్య సుమారు 10 గ్రాములు, 50 కౌంట్‌లో 20 గ్రాములు. కౌంట్ సగమైతే రొయ్య బరువు రెట్టింపు. రెండుచోట్లా తూచింది కిలోనే కాబట్టి ఈ విలోమానుపాతం నిలబడింది. ఒకచోట కిలో, ఇంకోచోట రెండు కిలోలు తూస్తే నిలబడదు.

గ్రహాల లెక్కల్లో ఆ కిలో స్థానం మధ్యలో ఉన్న వస్తువు ద్రవ్యరాశిది. పిల్లలు రాసే ఆ సూత్రమే కెప్లర్ 1619లో ప్రకటించిన మూడో నియమం. అది సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలన్నిటికీ సరిపోయింది, ఎందుకంటే అన్నిటికీ సూర్యుడు ఒక్కడే. న్యూటన్ గురుత్వాకర్షణ నియమం నుంచి రాబడితే అసలు రూపం ఇలా వస్తుంది:

కాలం² ∝ దూరం³ ÷ మధ్య వస్తువు ద్రవ్యరాశి

పరీక్షల్లో తరచూ వచ్చే లెక్కతో మొదలుపెడదాం. భూమి సూర్యుడికి ఇప్పుడున్న దూరంలో సగానికి వస్తే ఏడాదికి ఎన్ని రోజులు? సూర్యుడు మారలేదు, కాబట్టి ద్రవ్యరాశి కొట్టేయొచ్చు. తెలియనిదాన్ని ఎప్పుడూ పైన పెట్టండి:

(కొత్త కాలం ÷ పాత కాలం)² = (కొత్త దూరం ÷ పాత దూరం)³ = (1/2)³ = 1/8

వర్గమూలం తీస్తే నిష్పత్తి 1/2.83. 365ని 2.83తో భాగిస్తే సుమారు 129 రోజులు. సూర్యుడి దూరం ఎన్ని కిలోమీటర్లో ఎక్కడా అవసరం పడలేదు చూశారా? అనుపాతంలో నాకు నచ్చేది అదే.

ఇక ఉపగ్రహాలు. ఇక్కడ మాత్రం కాస్త ఆగాలి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మేడలెక్కి చూసే పిల్లలే, మర్నాడు పేపర్లో చదివిన ఎత్తును తెచ్చి నేరుగా సమీకరణంలో పెడతారు. పేపర్ చెప్పేది నేల మీద నుంచి ఎత్తు. మన సూత్రానికి కావాల్సింది భూమి కేంద్రం నుంచి దూరం. భూస్థిర కక్ష్య ఎత్తు 35,786 కి.మీ. దానికి భూమి వ్యాసార్ధం 6,378 కలిపితే 42,164 కి.మీ. చంద్రుడి దూరం 3,84,400 కి.మీ. రెండూ తిరిగేది భూమి చుట్టూనే కాబట్టి పోల్చవచ్చు. నిష్పత్తి 9.12, దాని ఘనం వర్గమూలం 27.5. భూస్థిర ఉపగ్రహానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి, చంద్రుడికి 27 రోజుల పైచిలుకు రావాలి. నిజంగానే 27.3 రోజులు. ఎత్తునే పెట్టి చేసుంటే 35 రోజులు దాటేది.

"ఎత్తు 6 వ్యాసార్ధాలు, కాలం 24 గంటలు, 2.5 వ్యాసార్ధాల ఎత్తులో ఎంత?" అన్నా ఇదే పద్ధతి: 7, 3.5 అని మార్చుకోండి, దూరం సగమైంది, జవాబు 24 ÷ 2.83, అంటే ఎనిమిదిన్నర గంటలు.

మధ్య వస్తువు మారితే? గురుగ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం అయో దూరం 4,21,700 కి.మీ., మన చంద్రుడి కంటే కొంచెమే ఎక్కువ. కానీ అది 1.77 రోజుల్లోనే చుట్టొస్తుంది. గురుగ్రహం భూమికి 318 రెట్లు బరువు మరి. దూరాల ఘన నిష్పత్తి 1.32ని 318తో భాగించి వర్గమూలం తీస్తే 0.064 వస్తుంది. దాన్ని 27.3తో గుణించండి, 1.76 వస్తుంది. ద్రవ్యరాశి మర్చిపోయినవాళ్లకు 31 రోజులు వస్తాయి.

పిల్లల్ని ఎక్కువగా తికమక పెట్టేది వేగం. రెండు వేర్వేరు వృత్తాకార కక్ష్యలైతే వేగం ∝ 1/√దూరం. ఒకే గ్రహం, ఒకే కక్ష్యలో దగ్గరి బిందువు, దూరపు బిందువు అడిగితే మారనిది కోణీయ ద్రవ్యవేగం (ఆ రెండు బిందువుల దగ్గర ద్రవ్యరాశి × వేగం × దూరం), కాబట్టి వేగం ∝ 1/దూరం. రోహిణి కార్తెలో మనం మాడిపోతున్నప్పుడు భూమి నిజానికి సూర్యుడికి దూరంగా జరుగుతూ ఉంటుంది. బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. అప్పుడు దూరం 14.71 కోట్ల కి.మీ., వేగం సెకనుకు 30.29 కి.మీ. జూలై మొదట్లో దూరం 15.21 కోట్లు. 30.29 × 14.71 ÷ 15.21 చేస్తే 29.29. అసలు వేగమూ అదే. వర్గమూలం సూత్రం వాడితే 29.79 వస్తుంది, అది తప్పు. ప్రశ్నలో "రెండు ఉపగ్రహాలు" అని ఉందా, "దీర్ఘవృత్తాకార కక్ష్య" అని ఉందా చూసి, ఆ మాట కింద గీత గీయమంటాను.

శాతాల ప్రశ్నలకు ఇంత శ్రమ అక్కర్లేదు. దూరం 1 శాతం పెరిగితే కాలం 1.5 శాతం పెరుగుతుంది, వృత్తాకార కక్ష్యలో వేగం అర శాతం తగ్గుతుంది. మార్పు రెండు మూడు శాతం లోపు ఉంటే ఇలా చేసేయండి. 50 శాతం లాంటివి ఇస్తే మాత్రం మళ్లీ నిష్పత్తే రాయాలి.