ప్రోగ్రాం పనితీరు కొలవడం – నాలుగో పాఠం: ప్రాసెసర్ మీద లేనప్పుడు ఏం జరుగుతోంది?

గత మూడు పాఠాల్లో ప్రాసెసర్ మీద నడుస్తున్న కోడ్‌ను పట్టుకోవడం నేర్చుకున్నాం. పర్ఫ్ అనే లైనక్స్ టూల్‌తో సెకనుకు 99 సార్లు నమూనాలు తీశాం, ఏ ఫంక్షన్ ఎంత సమయం తిన్నదో వెడల్పుతో చూపే ఫ్లేమ్ గ్రాఫ్ గీశాం, అందులో వెడల్పుగా ఉన్న ఫంక్షన్‌ను సరిచేశాం. అయితే ఆ నమూనాల్లో ప్రాసెసర్ మీదున్న థ్రెడ్లే (ప్రోగ్రాంలో విడివిడిగా నడిచే పనుల వరుసలే) పడతాయి. డిస్కు కోసమో, లాక్ కోసమో, అవతలి సర్వర్ జవాబు కోసమో ఆగి ఉన్న థ్రెడ్ ఒక్క నమూనాలోనూ కనపడదు. ప్రోగ్రాం యాభై సెకన్లు తీసుకుని అందులో అయిదు సెకన్లే ప్రాసెసర్ వాడితే, మనం ఇన్నాళ్లు నేర్చుకున్నదంతా ఆ అయిదు సెకన్లకే పనికొస్తుంది. మిగతా నలభై అయిదింటి సంగతి ఈ పాఠంలో చూద్దాం.

దీన్ని ఆఫ్-సీపీయూ విశ్లేషణ అంటారు. ఈ పద్ధతిని అందరికీ పరిచయం చేసింది బ్రెండన్ గ్రెగ్. 2011లో ఫ్లేమ్ గ్రాఫ్‌ను తయారుచేసిందీ ఆయనే.

ముందు పరీక్షకు ఒక ప్రోగ్రాం కావాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణం ఉందనుకోండి. మిర్చి అమ్మిన ప్రతి రైతుకూ తక్‌పట్టీ ఇవ్వాలి: ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాల్ ధర, హమాలీ, కమీషన్ పోగా చేతికొచ్చేది ఎంత. సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాయండి. మెయిన్ థ్రెడ్ ఒక్కో తక్‌పట్టీని లెక్కకట్టి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఒక్కో ఇన్సర్ట్‌గా రాస్తుంది, తర్వాత ప్రింటర్ థ్రెడ్‌కు అందిస్తుంది. ప్రింటర్ థ్రెడ్ పని వచ్చేదాకా కండిషన్ వేరియబుల్ (ఇంకో థ్రెడ్ కబురు పెట్టేదాకా ఆగే ఏర్పాటు) మీద నిద్రపోతుంది. పరీక్షకు నిజమైన ప్రింటర్ అక్కర్లేదు, రాసినదంతా పారేసే డెవ్-నల్‌లోకి రాస్తే చాలు. 2000 తక్‌పట్టీలను ఒకేసారి ఎక్కించండి. హార్డ్‌డిస్క్ ఉన్న పాత కంప్యూటర్ మీద నేర్చుకుంటున్నవాళ్లు ఈ ఒక్క పాఠం వరకూ అదృష్టవంతులు. కొత్త ఎస్ఎస్‌డీల మీద ఇక్కడ చెప్పే ఆలస్యం చాలావరకు మాయమైపోతుంది. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్లో మామూలుగానే కొట్టండి.

మొదటి కొలతకు ఏ టూలూ ఎక్కించనక్కర్లేదు. ప్రోగ్రాం పేరు ముందు టైమ్ అని పెట్టి నడపండి, మూడు అంకెలు వస్తాయి: రియల్ (మొత్తం గడిచిన సమయం), యూజర్ (మీ కోడ్ ప్రాసెసర్ వాడిన సమయం), సిస్ (మీ కోసం కెర్నెల్, అంటే లైనక్స్ లోపలి భాగం, ప్రాసెసర్ వాడిన సమయం). ఉదాహరణకు 7200 ఆర్‌పీఎం డిస్కు మీద రియల్ 49.6, యూజర్ 2.8, సిస్ 2.0 సెకన్లు వచ్చాయనుకుందాం. ప్రాసెసర్ వాడింది 4.8 సెకన్లు, మిగిలింది 44.8. తక్‌పట్టీ ఒక్కింటికి 22.4 మిల్లీసెకన్లు. ఆ డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఇంకా ఏ టూలూ తెరవకముందే ఒక అనుమానం మొదలవ్వాలి. ఒక జాగ్రత్త: చాలా థ్రెడ్లు ఒకేసారి కష్టపడే ప్రోగ్రాంలో యూజర్, సిస్ కలిపితే రియల్‌ను దాటిపోవచ్చు. అక్కడ ఈ తీసివేత లెక్క పనిచేయదు.

ప్రాసెసర్ మీద లేని సమయం అంతా ఒకే రకం కాదు. మార్కెట్‌కు సరుకు తెచ్చిన రైతు రోజంతా అక్కడే ఉన్నాడంటే రెండు కారణాలుండొచ్చు. ఖరీదుదారు ఇంకా రాలేదు, ధర పలకలేదు. లేదా ధర పలికింది కానీ కాంటా దగ్గర ముందు పదిమంది ఉన్నారు. మొదటిదానికి ఇంకో కాంటా పెట్టినా లాభం లేదు. రెండోదానికి అదే మందు. థ్రెడ్ కూడా అంతే: తానే ఏదో ఒకదాని కోసం ఆగి నిద్రపోవచ్చు, లేదా పనికి సిద్ధంగా ఉండి కూడా ప్రాసెసర్ ఖాళీ లేక రన్ క్యూలో నిలబడొచ్చు.

ఏది ఎంతో లైనక్స్ దగ్గరే లెక్క ఉంది. లైనక్స్ తన లెక్కలు చూపే ప్రాక్ ఫోల్డర్ కింద మీ ప్రాసెస్ నంబరుతో ఉన్న ఫోల్డర్‌లో స్టేటస్ ఫైలు తెరిస్తే చివర్లో రెండు వరుసలు కనిపిస్తాయి: వాలంటరీ, నాన్‌వాలంటరీ కాంటెక్స్ట్ స్విచ్‌లు, అంటే థ్రెడ్ ప్రాసెసర్ దిగిన సందర్భాలు. థ్రెడ్ తనంతట తాను ఆగినవి మొదటి వరుసలో, నడుస్తుండగా కెర్నెల్ పక్కకు తప్పించినవి రెండో వరుసలో ఉంటాయి. పక్కనే షెడ్‌స్టాట్ ఫైల్లో మూడు అంకెలుంటాయి. మొదటిది ప్రాసెసర్ మీద గడిపిన సమయం, రెండోది రన్ క్యూలో గడిపిన సమయం, రెండూ నానోసెకన్లలో. మూడోది ఎన్నిసార్లు ప్రాసెసర్ ఎక్కిందన్నది. ఈ ఫైళ్లు మెయిన్ థ్రెడ్ లెక్కే చెబుతాయి. మిగతా థ్రెడ్లవి అదే చోట టాస్క్ ఫోల్డర్‌లో విడివిడిగా ఉంటాయి. చాలామంది ఇది గమనించక ప్రోగ్రాం మొత్తానికీ అవే అంకెలనుకుంటారు.

మన ప్రోగ్రాంలో వాలంటరీ వేలల్లో ఉంటుంది, నాన్‌వాలంటరీ దాదాపు ఉండదు, షెడ్‌స్టాట్ రెండో అంకె చిన్నది. అంటే ప్రాసెసర్ కొరత లేదు, థ్రెడ్ దేనికోసమో ఆగుతోంది. దేనికోసం? దానికి స్టాక్ కావాలి, అంటే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలుస్తూ అక్కడిదాకా వచ్చిందో ఆ వరుస.

బీసీసీ అనే టూల్స్ కట్టలో ఆఫ్‌సీపీయూటైమ్ అనే టూల్ ఉంది. ఉబుంటులో ప్యాకేజీ పేరు బీపీఎఫ్‌సీసీ-టూల్స్, కమాండ్ పేరు చివర కూడా బీపీఎఫ్‌సీసీ అని తగిలిస్తారు. ఇది చేసే పని సులువే. షెడ్యూలర్ ఒక థ్రెడ్‌ను దించి ఇంకోదాన్ని ఎక్కించే ప్రతిసారీ దిగిన థ్రెడ్ పక్కన టైం రాసుకుంటుంది. ఆ థ్రెడ్ తిరిగి ఎక్కినప్పుడు తేడా తీసి, దాని స్టాక్ కింద ఆ తేడాను కూడుతుంది. కూడికంతా ఈబీపీఎఫ్ (కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రాంలు నడిపే ఏర్పాటు) ద్వారా కెర్నెల్లోనే అయిపోతుంది, చివరికి మొత్తాలే బయటికొస్తాయి. ఇలా కెర్నెల్లోనే స్టాక్‌లు దాచుకునే వీలు లైనక్స్ 4.6 నుంచి ఉంది. అంతకుముందు ప్రతి స్విచ్‌నూ ఫైల్లోకి రాయాల్సి వచ్చేది. రద్దీ సర్వర్ మీద సెకనుకు లక్షల స్విచ్‌లు ఉంటాయి, ఆ ఫైలు రాయడమే పెద్ద భారం.

ప్రోగ్రాం నడుస్తుండగా మరో టెర్మినల్లో సుడోతో ఆఫ్‌సీపీయూటైమ్‌ను నడపండి: డీఎఫ్ ఆప్షన్, పీ తర్వాత ప్రాసెస్ నంబరు, చివర 30 సెకన్లు. డీ వల్ల కెర్నెల్ స్టాక్‌కూ యూజర్ స్టాక్‌కూ మధ్య గీత వస్తుంది, ఎఫ్ వల్ల ఒక్కో స్టాక్ ఒక్కో వరుసలో వస్తుంది. ఆ ఫైలును మనకు తెలిసిన ఫ్లేమ్‌గ్రాఫ్ స్క్రిప్టుకు ఇచ్చి, రంగు ఐఓ అని, కౌంట్‌నేమ్ మైక్రోసెకన్లు అని పెట్టండి. నీలి రంగు బొమ్మ వస్తుంది. స్టాక్‌లో ఫంక్షన్ల పేర్లు తెగిపోయి కనిపిస్తే మీ ప్రోగ్రాంను ఫ్రేమ్ పాయింటర్ (స్టాక్‌ను వెనక్కి చదవడానికి వాడే గుర్తు) వదిలేయకుండా మళ్లీ కంపైల్ చేయండి, రెండో పాఠంలో వాడిన ఆప్షనే. ఉబుంటు 24.04 నుంచి లైబ్రరీలు కూడా ఫ్రేమ్ పాయింటర్‌తోనే వస్తున్నాయి, ఆ బాధ చాలా తగ్గింది.

ఈ బొమ్మను ప్రాసెసర్ బొమ్మ చదివినట్టు చదవకూడదు. మెయిన్ థ్రెడ్ గోపురం, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన దాని ఫంక్షన్ల పెట్టెలు, సుమారు 27 సెకన్లు ఉంటుంది. దాని పక్కన ఇంకా వెడల్పుగా, దాదాపు 30 సెకన్ల గోపురం ఒకటి నిలబడి ఉంటుంది. అది ప్రింటర్ థ్రెడ్ది. రెండూ కలిపితే 57 సెకన్లు, మనం కొలిచింది 30 సెకన్లే! తప్పేం లేదు. రెండు థ్రెడ్ల నిరీక్షణ వేర్వేరుగా కూడింది. ఎనిమిది థ్రెడ్లుంటే 240 సెకన్ల దాకా పోతుంది.

కొత్తవాళ్లు వెడల్పైన గోపురం వెంట పడతారు. అది చూస్తే పైన ఫ్యూటెక్స్ వెయిట్, కింద పీథ్రెడ్ కండిషన్ వెయిట్ ఉంటాయి, రెండూ ఇంకో థ్రెడ్ కోసం ఆగే ఫంక్షన్లే. లాక్ దగ్గర గొడవ ఉందేమోనని రెండు రోజులు కోడ్ తిరగేస్తారు. కానీ ప్రింటర్ థ్రెడ్ ఆగడం వల్ల ఎవరి పనీ ఆగలేదు. పని లేక కూర్చుంది, అంతే. సర్వర్ ప్రోగ్రాంలో ఈపోల్ వెయిట్ (నెట్‌వర్క్ నుంచి పని కోసం ఎదురుచూసే కాల్) మీద కనిపించే గోపురాలు కూడా చాలావరకు ఇలాంటివే. నా అభిప్రాయంలో ఈ పాఠంలో కష్టమైంది టూల్ కాదు, ఇదే. ఆఫ్-సీపీయూ బొమ్మలో ప్రతి గోపురం దగ్గరా అడగాల్సింది "ఎంత వెడల్పు?" అని కాదు, "ఇక్కడ ఆగినందుకు ఎవరు ఎదురుచూస్తున్నారు?" అని. కౌంటర్ దగ్గర మనిషి, అవతలి సర్వర్, లేదా ఇంకో థ్రెడ్ ఎదురుచూస్తుంటేనే ఆ గోపురానికి లెక్క. పనిలేని థ్రెడ్లను పక్కన పెట్టడానికి టీ ఆప్షన్‌తో ఒక్క థ్రెడ్ నంబరే ఇవ్వండి. లేదా వచ్చిన ఫైలులో మీ పని మొదలయ్యే ఫంక్షన్ పేరున్న వరుసలనే గ్రెప్ చేసి బొమ్మ గీయండి. నేనైతే రెండోదే చేస్తాను.

ఇప్పుడు మెయిన్ థ్రెడ్ గోపురం కింది నుంచి చదవండి. మీ తక్‌పట్టీ ఫంక్షన్, దాని మీద ఎస్‌క్యూలైట్, దాని మీద డేటాను డిస్కుకు చేర్చమని కెర్నెల్‌ను అడిగే ఎఫ్‌డేటాసింక్ సిస్టం కాల్. గీత దాటితే కెర్నెల్: ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం సింక్ ఫంక్షన్, ఆపైన జేబీడీ2 (ఈఎక్స్‌టీ4 మార్పుల చిట్టా రాసే భాగం) లాగ్ కమిట్ కోసం ఆగిన చోటు. కథ అర్థమైంది కదా. ట్రాన్సాక్షన్ (మొత్తంగా జరగాల్సిన, లేదా అసలు జరగకూడని పనుల కట్ట) విడిగా మొదలుపెట్టకపోతే ఎస్‌క్యూలైట్ ప్రతి ఇన్సర్ట్‌నూ ఒక పూర్తి ట్రాన్సాక్షన్‌గా తీసుకుంటుంది. ప్రతిదానికీ డేటా నిజంగా డిస్కు మీదికి చేరిందని తేలేదాకా కదలదు. 22 మిల్లీసెకన్లంటే డిస్కు రెండున్నర చుట్లు దాటి తిరగడం.

సరిచేయాలా? సీజన్లో కౌంటర్ దగ్గర గుమాస్తా ఒక్కో తక్‌పట్టీ కొడుతుంటే 22 మిల్లీసెకన్లు అతనికి తెలియనే తెలియదు. పైగా ఎంటర్ కొట్టాక కరెంటు పోయినా ఆ చీటీ భద్రంగా ఉండాలి. అక్కడ ఈ ఆగడం మనం కోరుకున్నదే, వదిలేయండి. సాయంత్రం రెండు వేల చీటీలు ఒకేసారి ఎక్కించేచోట మాత్రం మనిషి నిజంగా కూర్చుని చూస్తుంటాడు. అక్కడ వందేసి చీటీలకు ఒక ట్రాన్సాక్షన్ పెడితే 2000 కమిట్‌లు 20 అవుతాయి, నలభై అయిదు సెకన్ల నిరీక్షణ సెకనుకు అటూ ఇటూగా మిగులుతుంది. మధ్యలో కరెంటు పోతే అప్పటికే కమిట్ అయినవి వదిలి మిగతా చీటీలను మళ్లీ ఎక్కిస్తే సరి. ఎస్‌క్యూలైట్‌లో సింక్రోనస్ సెట్టింగ్‌ను ఆఫ్ చేస్తే ఇంకా వేగం అనే సలహా మీకు ఎదురవుతుంది. కరెంటు పోయినప్పుడు డేటాబేసే పాడయ్యే ప్రమాదం అందులో ఉంది. రైతు డబ్బు లెక్కలున్న చోట ఆ సలహా వినకండి.

టూల్‌లో రెండు మెలికలున్నాయి. ఆఫ్‌సీపీయూటైమ్ కొలత థ్రెడ్ తిరిగి ప్రాసెసర్ ఎక్కినప్పుడే నమోదవుతుంది. 30 సెకన్లూ అసలు నిద్ర లేవని థ్రెడ్ బొమ్మలో ఉండదు. కాబట్టి ప్రోగ్రాం పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు, డెడ్‌లాక్ అయినప్పుడు, ఈ బొమ్మ ఖాళీగా వస్తుంది. అప్పుడు జీడీబీ డీబగ్గర్‌తో స్టాక్‌లు చూడండి, లేదా ప్రాక్‌లో ఆ థ్రెడ్ కింద స్టాక్ అనే ఫైలు చదవండి. రెండోది, అందులో రన్ క్యూ సమయం కూడా కలిసి ఉంటుంది. నాలుగు కోర్ల మెషీన్ మీద పక్కన పెద్ద కంపైల్ నడుస్తుంటే మీ మామూలు కూడికల లూప్ కూడా "ఆగినట్టు" కనిపిస్తుంది. దానికి స్టేట్ ఆప్షన్‌కు 2 ఇస్తే డీ స్థితిలో, అంటే ఎక్కువగా డిస్కు కోసం, ఆగినవే మిగులుతాయి. నిద్రను, క్యూను విడదీసి చూడాలంటే పర్ఫ్ షెడ్ రికార్డ్, ఆ తర్వాత పర్ఫ్ షెడ్ టైమ్‌హిస్ట్ నడపండి. వెయిట్ టైం, షెడ్ డిలే, రన్ టైం మూడూ వేర్వేరు గడుల్లో వస్తాయి. అది ప్రతి స్విచ్‌నూ రాసుకుంటుంది కాబట్టి కొన్ని సెకన్లకు మించి నడపకండి.

వచ్చే పాఠానికి ఇంటిపని. పైన గోపురం జేబీడీ2 దగ్గర ఆగిపోయింది, డిస్కు దగ్గర కాదు. మన థ్రెడ్ ఆగింది జేబీడీ2 అనే కెర్నెల్ థ్రెడ్ కోసం. డిస్కు కోసం ఆగింది ఆ థ్రెడ్. ఇలా ఒకరి వెనక ఒకరు ఆగినప్పుడు మనల్ని లేపింది ఎవరో చెప్పే టూల్ ఆఫ్‌వేక్‌టైమ్. అదే ప్రోగ్రాం మీద, అదే 30 సెకన్లు, అదే పీ ఆప్షన్‌తో నడిపి ఫైలు దాచుకోండి. రెండోసారి, వంద చీటీల ట్రాన్సాక్షన్ పెట్టాక, చీటీలను లక్షకు పెంచి మళ్లీ నడపండి. ఈసారి మెయిన్ థ్రెడ్‌ను ఎక్కువసార్లు లేపింది ఎవరో రాసుకోండి. అయిదో పాఠం ఆ రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి మొదలవుతుంది.