బొగ్గు ఉండలు – 3వ పాఠం: గంజి ఎంత?

పోయిన పాఠంలో డ్రమ్ము దగ్గర ఆగాం. ఎండిన మొక్కజొన్న కండెలు, కర్రపెండలం కాడలు, వేరుశనగ పొట్టు అంటించి, పొగ పలచబడగానే మూతపెట్టి అంచులకు బురద మెత్తాం. పూర్తిగా చల్లారాక తీసినవాళ్లకు నలిపితే పొడయ్యే నల్లటి బొగ్గు వచ్చి ఉంటుంది. తెల్ల బూడిద ఎక్కువ కనిపిస్తే ఎక్కడో గాలి దూరినట్టే.

ఈ పని ఉగాండాలోని బిడిబిడి శరణార్థుల స్థావరం లాంటి చోట అన్నానికి సంబంధించిన సంగతి. యుంబే జిల్లాలో 2016 ఆగస్టులో అది తెరిచారు. దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో డిసెంబరుకల్లా నిండిపోయింది, సుమారు రెండున్నర లక్షల మంది! అందరివీ దాదాపు మూడు రాళ్ల పొయ్యిలే. పుల్లల కోసం ఆడవాళ్లు రోజురోజుకీ దూరం నడవాలి, దారిలో దాడుల భయం ఒకటి. అయితే ఉగాండాలో శరణార్థులకు సాగుకు కాస్త జాగా ఇస్తారు, అందుకే కండెలూ కాడలూ దొరుకుతాయి. కెన్యాలోని కకుమా శరణార్థుల శిబిరంలో ఆ వీలు తక్కువ, ఎండు నేల. అక్కడ విరివిగా ఉండేది 'మతెంగె', అంటే మన చెరువు గట్ల మీది సర్కారు తుమ్మే. దాని బొగ్గు అమ్మగా మిగిలిన పొడి కూడా ఈ పాఠానికి పనికొస్తుంది.

బొగ్గుపొడి తనంతట తాను అతుక్కోదు. మన అమ్మమ్మలు కుంపటి కోసం పేడ కలిపి ఉండలు చేసేవారు. అక్కడ కర్రపెండలం పిండితో గంజి కాస్తారు. కిలో జల్లించిన పొడికి 60–80 గ్రాముల పిండి చాలు. ముందు పిండిని చన్నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, తర్వాతే మరిగే అరలీటరు నీళ్లలో పోయండి. తెల్లదనం పోయి అద్దంలా మెరిసి, గరిటెను పట్టుకుంటే అయినట్టు. వేడిగా ఉండగానే పొడిలో కలిపి, అవసరమైతే కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ పిసకాలి.

గుప్పిట్లో గట్టిగా నొక్కి చెయ్యి తెరవండి. ముద్ద విడిపోతే తడి చాలలేదు. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఎక్కువైంది.

గంజి పెరిగితే ఉండ గట్టిపడుతుంది, కానీ పొగ కక్కుతుంది. నాకు దీనిలో ఇంకో అభ్యంతరం ఉంది: అది తినే పిండి. 2020 ఏప్రిల్‌లో ఉగాండా శరణార్థుల రేషన్‌లో 30 శాతం కోత పడింది. అలాంటి ఇంట్లో పొయ్యికి పిండి పెట్టమని ఎలా చెప్తాం? అందుకే చాలామంది పుట్టమన్ను వాడతారు. బూడిద ఎక్కువొస్తుంది, మంట మెల్లగా ఉంటుంది, పళ్లెం మాత్రం ఖాళీ కాదు.

ఉండల్ని మొదటి రోజు నీడలో, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో తిప్పుతూ ఆరబెట్టండి. నేరుగా ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. పొగ లేదు కదా అని మూసిన గదిలో, గుడారంలో వెలిగించకండి. బొగ్గు మంట వదిలే విషవాయువుకు వాసన ఉండదు.

అభ్యాసం: కిలోకి 40, 70, 120 గ్రాముల పిండితో మూడు రకాలు చేయండి. ఆరాక నడుమెత్తు నుంచి జారవిడిచి ఏది నిలిచిందో, వెలిగించి ఏది ఎంతసేపు పొగిచ్చిందో రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో అచ్చు చేసేటప్పుడు ఆ కాగితమే కావాలి.