పిల్లలతో సెలవుల ప్రయాణం: ముందు వాళ్ల టైము చూడండి

సెలవులకు ఎక్కడికైనా వెళ్దామనుకోగానే చాలామంది ముందు టికెట్లు వెతుకుతారు. నేను ముందు చూసేది మా చిన్నోడు మధ్యాహ్నం ఎన్నింటికి నిద్రపోతాడు, ఎన్నింటికి ఆకలని మారాం చేస్తాడు అన్నది. వాడికి మూడేళ్లు, పెద్దమ్మాయికి ఎనిమిది. ఇద్దరి అవసరాలూ ఏ పూటా ఒకలా ఉండవు. అయినా మా ప్రయాణాలు ప్రశాంతంగా సాగుతున్నాయంటే, చూడాల్సిన చోట్లను బట్టి కాకుండా పిల్లల రోజును బట్టి ప్లాన్ వేసుకోవడమే కారణం. పిల్లల అల్లరి వల్ల వచ్చే టెన్షన్ కంటే మన తొందర వల్ల వచ్చేదే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంతకంటే చిన్నవాళ్లకు, అంటే ఏడాది దాటిన పిల్లలకు, 11 నుంచి 14 గంటలు. అందుకే తెల్లవారుజామున మూడింటికి లేపాల్సిన టికెట్ ఎంత చవకగా దొరికినా నేను కొనను. ఆ మిగిలిన డబ్బుకు బదులు రోజంతా ఏడుపు భరించాలి. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాల్సిన దారి చిన్నోడి మధ్యాహ్నం నిద్రలో పడేలా చూస్తాను. మ్యాప్ రెండు గంటలని చూపిస్తే మూడని రాసుకుంటాను. ఒక బండి దిగి ఇంకోటి ఎక్కాల్సి వస్తే మధ్యలో తినడానికి, బాత్రూమ్‌కి వెళ్లడానికి, కాసేపు ఊరికే పరిగెత్తడానికి సరిపడా టైము ఉండాలి.

దిగిన రోజు ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి. తర్వాత కూడా రోజుకు ఒక్క చోటే. మిగతా సమయం పిల్లలే నింపేస్తారు. విదేశాలకైతే శరీరం కొత్త టైముకి అలవాటు పడటానికి సుమారుగా ఒక్కో గంట తేడాకు ఒక్కో రోజు పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు పగటిపూట వెలుతురులో తిప్పితే త్వరగా సర్దుకుంటారు.

కాగితం పట్టీ

"ఇంకెంతసేపమ్మా?" అన్న ప్రశ్నకు గంటల్లో జవాబు చెబితే మూడేళ్ల పిల్లాడికి అర్థం కాదు. అందుకని బయల్దేరే ముందు రోజు రాత్రి ముగ్గురం కూర్చుని ఒక పొడవాటి కాగితం పట్టీ మీద గళ్లు గీస్తాం. ఆటో, స్టేషన్‌లో ఎదురుచూడటం, రైలు, భోజనం, నిద్ర, మళ్లీ ఆటో, మంచం. బొమ్మలన్నీ పెద్దమ్మాయివే. రంగులు చిన్నోడు వేస్తాడు, సగం గడి బయటకే పోతాయి. దారిలో ఒక్కో పని అయ్యాక వాడే ఆ గడిని వెనక్కి మడుస్తాడు. పట్టీ చిన్నదవుతుంటే చేరువవుతున్నామని వాడికి కళ్లతోనే తెలుస్తుంది. "ఎదురుచూడటం" అన్న గడిని మాత్రం వదిలేయకండి. పిల్లలు విసిగిపోయేది అక్కడే, అది వస్తుందని ముందే తెలిస్తే చాలావరకు ఓర్చుకుంటారు.

చేతికందే సంచి

సామాను ఎంతున్నా, కాళ్ల దగ్గర పెట్టుకునే సంచి ఒక్కటే అసలు సంచి. ఒక్కొక్కరికి ఒక జత బట్టలు విడివిడిగా కవర్లలో పెడతాను. పిల్లాడు కక్కుకున్నప్పుడు ఒక కవర్ తీసి బట్టలు మార్చి, తడిసినవి అదే కవర్లో ముడేస్తే సరి, సంచి మొత్తం గుమ్మరించక్కర్లేదు. నాకూ ఒక పాత చొక్కా ఉంటుంది, ఎందుకంటే వాంతి ఎప్పుడూ ఎత్తుకున్నవాళ్ల మీదే అవుతుంది. తడి టిష్యూలు, చిన్న తువాలు, నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చేతికి అంటుకోని తిండి. నాలుగేళ్లలోపు పిల్లలకు కదిలే బండిలో పల్లీలు, గట్టి చాక్లెట్ల లాంటివి ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. జ్వరం సిరప్ ఒక్కో కంపెనీది ఒక్కో బలంలో వస్తుంది కాబట్టి, పిల్లల బరువుకు ఎంత పోయాలో డాక్టర్ని అడిగి చీటీ రాసి సీసాకే అంటిస్తాను. అర్ధరాత్రి తెలియని ఊళ్లో ఆ చీటీ ఎంత ధైర్యమో చెప్పలేను.

బొమ్మలు తక్కువ చాలు, కానీ ఒక్కసారిగా బయట పెట్టొద్దు. ఫోన్‌లో వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసి ఆఖరి భాగానికి దాచుకుంటాను. అప్పటికి అందరి ఓపికా అయిపోయి ఉంటుంది.

వాంతులు, చెవి నొప్పి

మలుపుల దారిలో మాత్రం ఫోన్, పుస్తకం రెండూ వద్దు. శరీరం కదులుతోందని లోపలి చెవి చెబుతుంది, దగ్గరి తెర మీదున్న కళ్లేమో కదలట్లేదంటాయి. ఈ రెండూ కలవక మెదడు తికమకపడితే వాంతి వస్తుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు ఇది ఎక్కువ. మా అమ్మాయికి వాంతికి ముందు ఆవులింతలు వస్తాయి, ముఖం పాలిపోతుంది, మాట ఆగిపోతుంది. గలగలా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి సైలెంట్ అయితే నేను కవర్ తీసి చేతిలో పెట్టుకుంటాను. కిటికీ దించి గాలి తగలనిచ్చి, దూరంగా ఉన్న చెట్టునో కొండనో చూడమంటాను. బస్సులో ముందు వైపు సీట్లు, విమానంలో రెక్కల దగ్గరివి తక్కువ ఊగుతాయి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు, అలాగని ఖాళీగానూ ఉంచొద్దు. వాంతుల మందు కావాలంటే డాక్టర్ రాసిందే, చెప్పిన టైముకే వేయండి. పిల్లాడు నిద్రపోతాడని మందు వేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అలాంటి మందులతో కొందరు పిల్లలు నిద్రపోవడానికి బదులు ఇంకా చిరాకుపడతారు, ప్రమాదం కూడా.

విమానం దిగడానికి సుమారు అరగంట ముందు నుంచే కిందికి వస్తుంటుంది. చెవి నొప్పి అప్పుడే మొదలవుతుంది. పిల్లల్లో చెవిని గొంతుతో కలిపే గొట్టం సన్నగా ఉంటుంది, మింగినప్పుడు అది తెరుచుకుంటుంది. పసివాళ్లకు పాలు పట్టండి, పెద్దవాళ్లకు స్ట్రాతో నీళ్లివ్వండి. నిద్రపోతుంటే ఆ టైముకి లేపేయడమే మంచిది. బాగా జలుబుంటే ముందే డాక్టర్‌కి చూపించండి.

సొంత కారైతే రెండు గంటలకోసారి ఆపండి. చిన్నపిల్లలను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవద్దు. బండి గుద్దుకుంటే ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవు, వాళ్ల వయసుకు తగ్గ సీటులో బెల్టు పెట్టాల్సిందే. ఎండలో ఆపిన కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలకండి. పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది, కిటికీ కొంచెం దించి ఉంచినా ఉపయోగం ఉండదు.

జనంలోకి వెళ్లే రోజు పొద్దున్నే ఇద్దరికీ ఆ రోజు వేసుకున్న బట్టల్లో ఫొటో తీస్తాను. తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్నది కంగారులో ఎవరికీ గుర్తురాదు. పెద్దమ్మాయికి నా నంబర్ నోటికి వచ్చు. చిన్నోడి చొక్కా లోపలి వైపు రాసి ఉంటుంది. ఇద్దరికీ చెప్పింది ఒకటే: అమ్మ కనబడకపోతే ఉన్నచోటే ఆగాలి, పిల్లలతో ఉన్న ఇంకో అమ్మని అడగాలి.

మా ఆయనా నేనూ పనులు ముందే పంచుకుంటాం. సామాను, టికెట్లు ఒకరివి, పిల్లలు ఇంకొకరివి, సగం దారిలో మార్చుకుంటాం. ఇద్దరూ అన్నీ చూస్తున్నారంటే ఏదో ఒకటి ఎవరూ చూడట్లేదని అర్థం. అమ్మానాన్నల్లో ఒక్కరే పిల్లలతో విదేశానికి వెళ్తుంటే రెండోవాళ్ల అనుమతి పత్రం వెంట ఉంచుకోండి, కొన్ని దేశాల్లో అడుగుతారు.

ఎంత ప్లాన్ చేసినా ఏదో ఒక చోట పిల్లాడు నేల మీద పడి ఏడుస్తాడు. అప్పుడు వరసగా చూడండి: ఆకలా, దాహమా, బాత్రూమా, నిద్రా, ఉక్కా? ఎక్కువసార్లు ఈ అయిదింటిలోనే దొరుకుతుంది. పక్కవాళ్ల చూపులు పట్టించుకోకుండా కిందికి వంగి, మెల్లగా రెండు ముక్కలు మాట్లాడండి.

తిరుగు ప్రయాణం బడి తెరిచే ముందు రోజుకి పెట్టుకోకండి, మధ్యలో ఒక ఖాళీ రోజు ఉండాలి. వెళ్లేముందే మంచాల మీద ఉతికిన దుప్పట్లు వేసి, పిల్లల రాత్రి బట్టలు పైన పెట్టి వెళ్తే, వచ్చిన రాత్రి అన్నం తినిపించి పడుకోబెట్టేయొచ్చు. సూట్‌కేసులు పొద్దున విప్పుకోవచ్చు.