క్రిప్టో మిక్సర్లు: చట్టం గీసిన గీత ఎక్కడుంది, మీ కాయిన్ల మీద అనుమానం వస్తే ఏం చేయాలి

బిట్‌కాయిన్‌లో జరిగే ప్రతి లావాదేవీ, ఎవరైనా తెరిచి చూడగల బ్లాక్‌చెయిన్ అనే ఒక బహిరంగ చిట్టాలో శాశ్వతంగా నమోదవుతుంది. అందులో పేర్లు ఉండవు, అడ్రసులు మాత్రమే ఉంటాయి. కానీ ఫలానా అడ్రసు ఫలానా మనిషిదని ఒక్కసారి బయటపడితే చాలు, ఆ మనిషికి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత పంపాడు, ఇంకా ఎంత మిగిలింది అన్నవన్నీ ముక్కూమొహం తెలియని వాళ్లకు కూడా కనిపిస్తాయి. జీతం క్రిప్టోలో తీసుకునేవారూ, ప్రభుత్వానికి గిట్టని సంస్థలకు విరాళాలు ఇచ్చేవారూ దీనికి భయపడటంలో తప్పు లేదు. ఏ కాయిన్ ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలియకుండా పలువురి కాయిన్లను కలగలిపే మిక్సర్లు ఆ భయంలోంచే పుట్టాయి. దొంగలకు కావలసిన సౌకర్యం కూడా సరిగ్గా ఇదే కావడంతో, వాళ్లు దీన్ని చాలా పెద్ద ఎత్తున వాడుకున్నారు. మిక్సర్ వాడాలని ఆలోచిస్తున్నవారూ, తెలియకుండానే మిక్సర్‌లోంచి వచ్చిన కాయిన్లు చేతికందినవారూ ముందుగా తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాను.

మీ ముందున్నది ఏ రకం మిక్సరో మొదట గుర్తించండి, ఎందుకంటే చట్టం అన్నింటినీ ఒకే తీరుగా చూడదు. పాత రకం మిక్సర్‌లో కాయిన్లను నిర్వాహకుడికి పంపించాలి. అతను అందరి సొమ్మునూ కలగలిపి, కమీషన్ మినహాయించుకుని, వేరే కాయిన్లను మీరిచ్చిన కొత్త అడ్రసుకు పంపుతాడు. ఈలోగా సొమ్ము పూర్తిగా అతని చేతిలో ఉంటుంది. అతను దాన్ని ఎగవేయవచ్చు, ఎవరిది ఎవరికి వెళ్లిందో రాసి పెట్టుకోనూవచ్చు. రెండో రకం కాయిన్‌జాయిన్. దీన్ని గ్రెగరీ మాక్స్‌వెల్ 2013లో ప్రతిపాదించారు. ఇందులో ఎవరూ ఎవరికీ సొమ్ము అప్పగించరు, కొందరు కలిసి ఒకే లావాదేవీ మీద సంతకాలు చేస్తారు. అలాంటి లావాదేవీ ఒకదాన్ని ఆ చిట్టాను చూపే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్లో తెరిస్తే సంగతి వెంటనే అర్థమవుతుంది: ఎడమవైపు ఐదు వేర్వేరు అడ్రసుల నుంచి సొమ్ము వస్తుంది, కుడివైపు ఐదు కొత్త అడ్రసులకు సరిగ్గా 0.05 బిట్‌కాయిన్ చొప్పున వెళుతుంది. ఐదూ సమానమైన మొత్తాలు కావడంతో ఏది ఎవరిదో చెప్పడం కష్టం. అయినా ఇక్కడ కలపడం జరిగిందన్న విషయం మాత్రం చూసిన ప్రతివారికీ తెలిసిపోతుంది. దీన్ని గట్టిగా గుర్తుంచుకోండి, తర్వాత వచ్చే చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి. మూడో రకం స్మార్ట్ కాంట్రాక్టు మీద, అంటే బ్లాక్‌చెయిన్‌లో తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్ మీద నడిచేది. టోర్నడో క్యాష్ దీనికి ఉదాహరణ. అందులో 0.1, 1, 10, 100 ఈథర్ (ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ కరెన్సీ) వంటి స్థిరమైన మొత్తాలను జమచేసి, జమచేసినది తామేనని గణితరీత్యా రుజువు చేసుకుని, ఏ జమ తమదో చెప్పకుండానే వేరే అడ్రసుకు తీసుకునే వీలుంటుంది.

ఇక చట్టం. “మిక్సర్ వాడటం నేరమా?” అని అడిగితే ఒక్క మాటలో జవాబు దొరకదు. ఆ ప్రశ్నను మూడుగా విడదీసుకోవాలి.

మిక్సర్‌ను నడిపేది ఎవరన్నది మొదటి ప్రశ్న. అమెరికా ఆర్థిక నిఘా సంస్థ ఫిన్‌సెన్ 2013లోనూ, మరింత స్పష్టంగా 2019 మే నెలలోనూ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇతరుల కాయిన్లను స్వీకరించి కలిపి పంపేవారు డబ్బు బదిలీ వ్యాపారం చేస్తున్నట్టే లెక్క. వాళ్లు నమోదు చేసుకోవాలి, ఖాతాదారుల వివరాలు సేకరించాలి, అనుమానాస్పద లావాదేవీలను నివేదించాలి. హెలిక్స్ అనే మిక్సర్‌ను నడిపిన లారీ హార్మన్‌కు 2020లో 6 కోట్ల డాలర్ల జరిమానా, 2024లో మూడేళ్ల జైలు శిక్ష పడ్డాయి. బిట్‌కాయిన్ ఫాగ్ అనే మరో మిక్సర్ కేసులో రోమన్ స్టెర్లింగోవ్‌కు పన్నెండున్నరేళ్ల శిక్ష విధించారు. కాయిన్లు తమ చేతికి రాకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే నడిపితే బాధ్యత ఉండదని చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకం ఇప్పుడు బలహీనపడింది: కాయిన్‌జాయిన్ సదుపాయం ఉన్న సమురాయ్ వాలెట్ (కాయిన్లు ఉంచుకునే యాప్) స్థాపకులిద్దరూ 2025లో నేరం అంగీకరించగా, ఒకరికి ఐదేళ్లు, మరొకరికి నాలుగేళ్లు శిక్ష పడింది.

కలిపే సొమ్ము ఎక్కడిదన్నది రెండో ప్రశ్న. నేరంలో సంపాదించిన సొమ్మును, అది అలాంటిదని తెలిసి, దాని మూలాన్ని దాచడానికి తిప్పడమే మనీలాండరింగ్. అక్రమ సొమ్మును ఆర్థిక వ్యవస్థలోకి దించడం, పొరలు పొరలుగా తిప్పి ఆనవాలు చెరపడం, చివరికి సక్రమ ఆస్తిగా చూపించడం అనే మూడు దశల్లో మిక్సర్ పని రెండో దశలో ఉంటుంది. సొంత కష్టార్జితాన్ని గోప్యత కోసం కలిపిన వ్యక్తి ఆ ఒక్క కారణంతో ఈ నేరం చేసినట్టు కాదు. అయితే “ఎక్కడిదో నాకు తెలియదు, అడగలేదు” అనే వాదన అన్నిచోట్లా నిలవదు. అనుమానించడానికి కారణాలు కళ్లముందే ఉన్నా కావాలని అడగకుండా ఊరుకుంటే, తెలిసి చేసినట్టుగానే పరిగణించే న్యాయస్థానాలున్నాయి.

మూడో ప్రశ్న ఆంక్షలకు, అంటే ప్రభుత్వం జాబితాలో పెట్టినవారితో లావాదేవీలు చేయకూడదన్న నిషేధానికి సంబంధించినది. సామాన్యులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమెరికాలో ఆంక్షలను అతిక్రమించినవారిపై, వారికి విషయం తెలియకపోయినా, సివిల్ జరిమానా వేయవచ్చు. ఉత్తర కొరియా హ్యాకర్ల దోపిడీ సొమ్మును తిప్పిందన్న కారణంతో బ్లెండర్ అనే మిక్సర్‌ను 2022 మే నెలలో ఆంక్షల జాబితాలో చేర్చారు, ఆగస్టులో టోర్నడో క్యాష్‌ను కూడా చేర్చారు. ఆ వెంటనే ఎవరో ఒకరు, పేరున్న వ్యక్తుల అడ్రసులకు టోర్నడో నుంచి 0.1 ఈథర్ చొప్పున, వాళ్లు అడగకుండానే పంపించారు. వచ్చే సొమ్మును వద్దనే అవకాశం బ్లాక్‌చెయిన్‌లో లేదు కనుక, వాళ్లంతా కూర్చున్నచోటే సాంకేతికంగా ఆంక్షల పరిధిలోకి వచ్చారు. అలాంటి చిల్లర జమలపై చర్యలకు ప్రాధాన్యమివ్వబోమని అధికారులు తర్వాత వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఎవరూ మార్చలేని కోడ్‌ను ఆస్తిగా భావించి ఆంక్షలు పెట్టడం చెల్లదని 2024 నవంబరులో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది, 2025 మార్చిలో టోర్నడోను జాబితా నుంచి తీసేశారు. అంతమాత్రాన దాని రూపకర్తలకు ఊరట దొరకలేదు. నెదర్లాండ్స్ కోర్టు 2024 మే నెలలో అలెక్సీ పెర్ట్‌సెవ్‌కు 64 నెలల శిక్ష వేసింది, ఆయన అప్పీలు చేశారు. న్యూయార్క్ జ్యూరీ 2025 ఆగస్టులో రోమన్ స్టార్మ్‌ను లైసెన్సు లేని డబ్బు బదిలీ కుట్రలో దోషిగా తేల్చి, మనీలాండరింగ్, ఆంక్షల ఆరోపణల మీద మాత్రం ఏకాభిప్రాయానికి రాలేకపోయింది.

కాబట్టి ఏడాది క్రితం చదివిన సలహా మీద ఆధారపడకండి. మీ దేశంలో క్రిప్టో సంస్థలను మనీలాండరింగ్ చట్టం కిందికి తెచ్చారా, ఆంక్షల జాబితాలో ప్రస్తుతం ఏ పేర్లున్నాయి, మీరు క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజ్ నిబంధనలు మిక్సర్ల గురించి ఏం చెబుతున్నాయి అన్న మూడింటినీ లావాదేవీకి ముందే చూడండి. అంతర్జాతీయ ప్రమాణాలను నిర్దేశించే ఎఫ్‌ఏటీఎఫ్ 2018లో తన పరిధిని క్రిప్టోకు విస్తరించింది. దాని తర్వాత చాలా దేశాలు ఆ దారిలో నడిచాయి. భారతదేశం 2023 మార్చిలో క్రిప్టో సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. ఎక్స్ఛేంజ్ నిబంధనలను తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే మీరు చేసింది చట్టబద్ధమే అయినా వాళ్లు మీ ఖాతాను నిలిపివేయగలరు.

మిక్సర్ చరిత్ర ఉన్న కాయిన్లు మీ వాలెట్‌లోకి వచ్చాయని తెలిస్తే, ముందుగా వాటిని కదపకండి. మీ మిగతా కాయిన్లతో కలిపి ఖర్చుచేస్తే, చిట్టా చదివేవారికి రెండూ ఒకే మనిషివని తెలియడమే కాకుండా, శుభ్రంగా ఉన్న సొమ్ముకు కూడా ఆ మరక అంటుతుంది. ఏ కాయిన్‌ను ఖర్చుపెట్టాలో ఎంచుకునే సదుపాయం ఉన్న వాలెట్లలో దాన్ని విడిగా స్తంభింపజేయవచ్చు. ట్రాన్సాక్షన్ ఐడీ, తేదీ, మొత్తం, పంపినవారెవరు, దేనికి పంపారు అన్నవి ఆ రోజే రాసిపెట్టండి. ఆ మరకను వదిలించుకోవాలని మరో మిక్సర్ గుండానో, అడ్రసు తర్వాత అడ్రసు మారుస్తూనో తిప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. అప్పటిదాకా మీకేమీ తెలియదని నమ్మడానికి సిద్ధంగా ఉన్న అధికారికి, మీకు అన్నీ తెలుసనే సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే అందించినట్టవుతుంది.

ఎక్స్ఛేంజ్ నుంచి “మీ జమ పరిశీలనలో ఉంది, ఈ సొమ్ము ఎక్కడిదో తెలపండి” అని సందేశం వస్తే, కోపంతో నాలుగు పేజీలు రాయకండి. “ఈ 0.2 బిట్‌కాయిన్ ఫలానా తేదీన పూర్తిచేసిన ఫలానా పనికి ప్రతిఫలంగా వచ్చింది. ఒప్పందం, ఇన్‌వాయిస్, పంపినవారితో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు జతచేస్తున్నాను. అంతకుముందు అది మిక్సర్ గుండా వచ్చిన సంగతి మీ సందేశం అందేవరకు నాకు తెలియదు” అని రాస్తే సరిపోతుంది. అయితే చివరి వాక్యం నిజమైతేనే రాయాలి. మీరే కలిపి ఉంటే, కలిపానని, గోప్యత కోసమని, కలపకముందు ఆ సొమ్ము ఎక్కడిదో ఈ కాగితాలు చూపుతాయని చెప్పాలి.

నా దృష్టిలో ఈ వ్యవహారమంతటికీ కీలకం ఇదే. మీ సొమ్ము ఎటు వెళ్లిందో అపరిచితులకు తెలియకుండా మిక్సర్ ఏ దారాన్ని తెంచుతుందో, అది నీతిగా సంపాదించినదని రేపు మీరు చూపించవలసిన దారం కూడా అదే. కనుక గోప్యత కోసం కలిపినవారు, కలపకముందు, కలిపిన తర్వాత ఉన్న రెండు కొసలనూ తమ దగ్గర భద్రపరచుకోవాలి. టోర్నడోలో జమచేసినప్పుడు ఇచ్చే రహస్య నోటును పోగొట్టుకోకుండా ఉంచినవారికి, ఏ జమకు ఏ ఉపసంహరణ సరిపోతుందో చూపే నివేదికను తయారుచేసుకునే సాధనాన్ని దాన్ని రూపొందించినవారే ఇచ్చారు. కొన్న ధర తాలూకు లెక్కలు కూడా దాచాలి. కాయిన్లు కలిసినంత మాత్రాన పన్ను బాధ్యత కరిగిపోదు.

గోప్యతే కావాలనుకుంటే మిక్సర్ దాకా వెళ్లకుండానే కొంత సాధించవచ్చు. ప్రతి జమకూ కొత్త అడ్రసు వాడటం, అడ్రసులను బహిరంగంగా పెట్టకపోవడం, వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన కాయిన్లను ఒకే లావాదేవీలో పోగు చేయకపోవడం చాలామంది అవసరానికి సరిపోతాయి.

“మా కాయిన్లు మీ ఖాతాకు పంపుతాం, కమీషన్ ఉంచుకుని మిగతాది ఫలానా అడ్రసుకు పంపండి” అని ఎవరైనా అడిగితే వెంటనే కాదనండి. అలా చేస్తే మీరే ఒక మిక్సర్ అవుతారు, పైగా కేవైసీలో ఉన్న పేరు మీదే కావడంతో పోలీసులు మొదట మీ ఇంటికే వస్తారు. దర్యాప్తు సంస్థ నుంచి నోటీసు అందినా, వాళ్ల ఆదేశంతో ఖాతా నిలిచిపోయినా, ఎక్స్ఛేంజ్‌కు సొంతంగా వివరణలు రాయడం అక్కడితో ఆపి, ఈ రంగం తెలిసిన న్యాయవాదిని కలవండి. వాలెట్లు, సందేశాలు, ఫైళ్లు ఏవీ చెరిపేయకండి; అసలు ఆరోపణ నిలవకపోయినా, సాక్ష్యాన్ని చెరిపినందుకు వేరే కేసు పెట్టే అధికారం వాళ్లకు ఉంటుంది.