ఎవరిని పడగొట్టాలో ముందు తేల్చుకోండి: గార్చాంప్‌ని ఎటాకర్‌గా తయారు చేసే పద్ధతి

ఎటాకర్ కావాలనగానే చాలామంది ఎటాక్ స్టాట్ ఎక్కువున్న పోకెమాన్‌ని పట్టుకుని, బలమైన మూవ్ ఒకటి నేర్పి, రంగంలోకి దించేస్తారు. నేను మొదట అవతలి టీమ్ చూస్తాను. నా పోకెమాన్ ఎవరిని పడగొట్టాలి? ఒక్క దెబ్బకే పడిపోవాలా? వాళ్లకంటే ముందు నేను కదలాలా? ఈ మూడింటికీ జవాబు దొరికాకే నేచర్ (ఒక స్టాట్ పెంచి ఇంకోటి తగ్గించే స్వభావం), ఈవీలు (శిక్షణతో స్టాట్‌కి కలిపే పాయింట్లు), ఐటమ్ (పోకెమాన్ పట్టుకునే వస్తువు) సంగతి. గుర్తుపెట్టుకోండి, అవతలి పోకెమాన్‌కి 130 హెచ్‌పీ ఉండి మీ దెబ్బ 129 దగ్గర ఆగిందంటే అది బతికినట్టే. తర్వాత దాని దెబ్బ మీ మీద పడుతుంది.

ఈ పద్ధతిని గార్చాంప్ అనే డ్రాగన్, గ్రౌండ్ టైప్ పోకెమాన్ మీద చూపిస్తాను. నాకు ఈ పోకెమాన్ అంటే ప్రాణం. 2006లో డైమండ్, పెర్ల్ గేములతో వచ్చింది, ఇప్పటికీ పాతబడలేదు. 2014 వాషింగ్టన్ డీసీ వరల్డ్స్‌లో (ప్రపంచ పోటీల్లో) కొరియా ఆటగాడు సెజున్ పార్క్ గెలిచినప్పుడు అందరూ అతని పచిరిసు అనే పోకెమాన్ గురించే మాట్లాడుకున్నారు కానీ, ఆ టీమ్‌లో గార్చాంప్ కూడా ఉంది. ఇక్కడ చెప్పేదంతా స్కార్లెట్, వయొలెట్ గేముల డబుల్స్ (ఒక్కో వైపు రెండేసి పోకెమాన్లు) గురించి, లెవెల్ 50లో. స్విచ్ లేకపోయినా ఏం ఫరవాలేదు. బ్రౌజర్‌లో పోకెమాన్ షోడౌన్ ఉచితంగా ఆడుకోవచ్చు, ఈ లెక్కలన్నీ అక్కడా అంతే.

గార్చాంప్ బేస్ స్టాట్స్: హెచ్‌పీ 108, ఎటాక్ 130, డిఫెన్స్ 95, స్పెషల్ ఎటాక్ 80, స్పెషల్ డిఫెన్స్ 85, స్పీడ్ 102. లెవెల్ 50లో ఐవీ (పుట్టుకతో వచ్చే పాయింట్లు) 31 ఉంటే కాగితం, పెన్ను లేకుండానే లెక్క కట్టొచ్చు. 252 ఈవీలు పెట్టిన స్టాట్‌కి బేస్‌కి 52 కలపండి, ఏమీ పెట్టకపోతే 20 కలపండి. నేచర్ పెంచే స్టాట్ అయితే వచ్చినదాన్ని 1.1తో గుణించి దశాంశాలు వదిలేయండి. హెచ్‌పీకి మాత్రం ఈవీలు లేకపోతే 75, నిండా పెడితే 107 కలపాలి. ఈ లెక్క నోటికి వచ్చేస్తే, టీమ్ ప్రివ్యూలో అవతలి ఆరు పోకెమాన్లను చూస్తూనే ఎవరు ముందు కదులుతారో చెప్పేయగలరు.

గార్చాంప్ బేస్ స్పీడ్ 102 కాబట్టి, స్పీడ్ పెంచే జాలీ నేచర్, 252 ఈవీలతో 169. ఎటాక్ పెంచే ఆడమెంట్ అయితే స్పీడ్ 154 దగ్గర ఆగుతుంది, ఎటాక్ మాత్రం 182 నుంచి 200కి పెరుగుతుంది. బేస్ 100 ఉన్న వోల్కరోనా, సాలమెన్స్‌లు గరిష్ఠంగా 167. మామూలు రూపంలోని లాండోరస్ బేస్ 101, అంటే 168. జాలీ గార్చాంప్ వీటన్నిటికీ ఒకటి రెండు పాయింట్ల తేడాతో ముందుంటుంది. ఆ ఒక్క పాయింటుకే గేములు గెలిచిన రోజులున్నాయి. ఆడమెంట్ పెడితే వీళ్లే కాదు, 163 దాకా వెళ్లే అర్షిఫు కూడా దాటిపోతుంది. అందుకే ఎక్కడ చూసినా "జాలీ పెట్టండి" అనే సలహా కనిపిస్తుంది. సలహా మంచిదే. కానీ మీ టీమ్‌లో టెయిల్‌విండ్ (మన వైపు స్పీడ్ పెంచే మూవ్) ఉంటే లెక్క మారిపోతుంది.

ఇక్కడ మన లక్ష్యం ఫ్లట్టర్ మేన్ అనే పోకెమాన్ అనుకుందాం. గార్చాంప్‌కి అదంటే హడల్. టిమిడ్ నేచర్, పూర్తి ఈవీలతో దాని స్పీడ్ 205. స్పెషల్ ఎటాక్ నిండా పెట్టిన మూన్‌బ్లాస్ట్ (ఫెయిరీ టైప్ మూవ్) మన 183 హెచ్‌పీ గార్చాంప్‌కి కనీసం 192 డ్యామేజ్ చేస్తుంది. అంటే తగిలితే ఒక్క దెబ్బే. జాలీ అయినా, ఆడమెంట్ అయినా మామూలుగా దాని ముందు మనం నెమ్మదే. పైగా బూస్టర్ ఎనర్జీ ఐటమ్ పట్టుకుంటే దాని స్పీడ్ ఒకటిన్నర రెట్లై 307కి చేరుతుంది.

ఇప్పుడు పక్కన టోర్నాడస్‌ని నిలబెట్టండి. టెయిల్‌విండ్ మన వైపు స్పీడ్‌ని రెట్టింపు చేస్తుంది. ఆడమెంట్ గార్చాంప్ 154 ఇంతలు రెండు, 308. అవతల 307! ఒక్క పాయింట్. స్పీడ్‌లో ఒక్కటి తగ్గించి 153 పెట్టినా 306 అయ్యి వెనకబడతాం. కాబట్టి ఇక్కడ 252 ఈవీలు అలవాటు కొద్దీ పెట్టినవి కావు, ప్రతి ఒక్కటీ పనిచేస్తోంది. ఇంకో సంగతి: టోర్నాడస్‌కి ప్రాంక్‌స్టర్ అనే ఎబిలిటీ (పుట్టుకతో ఉండే ప్రత్యేక శక్తి) ఉంది కాబట్టి టెయిల్‌విండ్ ప్రయారిటీతో ముందే పడుతుంది. ఎనిమిదో తరం గేముల నుంచి స్పీడ్ మార్పు అదే టర్న్‌లో అమల్లోకి వస్తుంది. అంటే మొదటి టర్న్‌లోనే టోర్నాడస్ గాలి లేపుతుంది, వెంటనే గార్చాంప్ ఎర్త్‌క్వేక్ కొడుతుంది, ఫ్లట్టర్ మేన్ ఆ తర్వాతే. ఎర్త్‌క్వేక్ చుట్టూ ఉన్న అందరికీ తగిలే మూవ్, కానీ పక్కనున్న టోర్నాడస్ ఫ్లయింగ్ టైప్ కాబట్టి దానికి తగలదు. ఈ జోడీ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ముందు కదలడం కుదిరింది. మరి పడుతుందా? ఫ్లట్టర్ మేన్ హెచ్‌పీ 130, డిఫెన్స్ 75, వాటిలో ఈవీలు ఏమీ పెట్టలేదనుకుందాం. డబుల్స్‌లో ఒకరికంటే ఎక్కువమందికి తగిలే మూవ్‌కి డ్యామేజ్ ముప్పావు వంతే. ఐటమ్ లేని ఆడమెంట్ గార్చాంప్ ఎర్త్‌క్వేక్ 112 నుంచి 133 దాకా కొడుతుంది. డ్యామేజ్‌కి ఉండే 16 రోల్స్‌లో (అదృష్టాన్ని బట్టి మారే 16 విలువల్లో) మూడిట్లోనే అది పడుతుంది. దాన్ని నమ్ముకుని టోర్నమెంట్‌కి వెళ్లలేం. గ్రౌండ్ మూవ్‌లను 1.2 రెట్లు చేసే సాఫ్ట్ శాండ్ ఇవ్వండి. కనీస డ్యామేజే 135 అవుతుంది, 16కి 16. అదే సాఫ్ట్ శాండ్‌తో జాలీ అయితే 123 నుంచి మొదలవుతుంది, 16లో 11 మాత్రమే. ఆడమెంట్ ఎందుకో ఇప్పుడు అర్థమైందిగా. స్పీడ్‌ని టెయిల్‌విండ్ చూసుకుంటోంది, కాబట్టి నేచర్‌ని దెబ్బ కోసం ఖర్చు పెట్టాం. టీమ్‌లో టెయిల్‌విండ్ లేకపోతే మాత్రం మారుమాట లేకుండా జాలీయే.

అవతల ఫోకస్ శాష్ ఉంటే ఎంత కొట్టినా 1 హెచ్‌పీతో బతుకుతుంది. ప్రొటెక్ట్ వేసినా బతుకుతుంది. అందుకే ఆ టర్న్‌లో రెండో పోకెమాన్‌కి కూడా దెబ్బ తగులుతుండటం మనకి లాభం. ఎర్త్‌క్వేక్ గొప్పతనం అదే.

ఇక అసలు తలనొప్పి ఇన్‌సినరోర్. దిగగానే ఇంటిమిడేట్‌తో మన ఎటాక్ 200 నుంచి 133కి పడిపోతుంది. హెచ్‌పీ నిండా పెట్టి డిఫెన్స్‌లో ఏమీ పెట్టని ఇన్‌సినరోర్‌కి 202 హెచ్‌పీ. ఇంటిమిడేట్ తగిలాక సాఫ్ట్ శాండ్ ఎర్త్‌క్వేక్ దానికి 122 నుంచి 146 దాకానే చేస్తుంది. స్టాట్ తగ్గకుండా కాపాడే క్లియర్ ఆమ్యులెట్ పెట్టుకుంటే 152 నుంచి 182. ఇది మెరుగే కానీ ఇన్‌సినరోర్ పడదు, పైగా ఫ్లట్టర్ మేన్ మీద గ్యారంటీ పోతుంది. టెరాతో (ఆటలో ఒక్కసారి టైప్ మార్చుకునే అవకాశం) గ్రౌండ్ టైప్ వాడితే ఆమ్యులెట్‌తో కూడా ఫ్లట్టర్ మేన్‌కి కనీసం 150 తగులుతుంది. అయితే టెరా ఒక్కసారే కదా, దాన్ని మొదటి టర్న్‌లోనే తగలేయడం నాకు మనసొప్పదు. అందుకే నా ఓటు సాఫ్ట్ శాండ్‌కే. ఇన్‌సినరోర్ పని పట్టడానికి టీమ్‌లో వేరే పోకెమాన్ ఉండాలి. ఒక్క ఎటాకర్‌తో అందరినీ కొట్టించాలని చూస్తే ఎవరినీ సరిగ్గా కొట్టలేదు.

ఇన్‌సినరోర్ ఫేక్ అవుట్ కూడా ప్రాంక్‌స్టర్ కంటే ముందే పడుతుందని మరచిపోవద్దు. టోర్నాడస్ ఉలిక్కిపడి ఆగిపోతే టెయిల్‌విండ్ లేదు, 308 లేదు. టోర్నాడస్‌కి కోవర్ట్ క్లోక్ ఇస్తే ఆ భయం ఉండదు.

మూవ్‌లలో ఎర్త్‌క్వేక్, ప్రొటెక్ట్ రెండూ ఖాయం. రాక్ స్లైడ్ ఇద్దరికీ తగులుతుంది, 30 శాతం ఫ్లించ్ (అవతలివాళ్లు ఉలిక్కిపడి ఆగిపోయే అవకాశం) ఉంది, టెయిల్‌విండ్‌లో ముందు కదిలేవాళ్లకి అది బంగారం. గ్రౌండ్ తగలని ఫ్లయింగ్ టైప్‌లకి కూడా ఇదే మందు. గురి మాత్రం 90 శాతమే. నాలుగో చోటు గురించి నేను చాలా ఆలోచించాను. డ్రాగన్ క్లా అందరూ పెడతారు, ఫెయిరీలకి అది తగలనే తగలదు. నాకైతే స్టాంపింగ్ టాంట్రమ్ నచ్చుతుంది. పవర్ 75, ఒక్కరికే తగులుతుంది. ఇద్దరికి తగిలే ఎర్త్‌క్వేక్ డ్యామేజ్ ముప్పావు వంతే కాబట్టి ఒక్కొక్కరికి పడే దెబ్బ ఇంచుమించు సమానమే. పక్కనున్న మన పోకెమాన్‌కి తగలదు. రిల్లబూమ్ పరిచే గ్రాసీ టెరైన్‌లో ఎర్త్‌క్వేక్ సగమైపోతుంది, ఇది తగ్గదు. మీ టీమ్‌లో టోర్నాడస్ తప్ప గాల్లో ఎగిరేవాళ్లు ఎవరూ లేకపోతే ఇది తప్పనిసరి.

టెరా టైప్‌కి నేను ఫైర్ పెడతాను. గార్చాంప్‌కి ఐస్ నాలుగింతలు తగులుతుంది, ఫెయిరీ రెండింతలు. ఫైర్ అయితే రెండూ సగానికి పడిపోతాయి. ఇందాకటి మూన్‌బ్లాస్ట్ 192 కాస్తా 48 నుంచి 57 మధ్యకి దిగుతుంది. స్టీల్ పెట్టినా ఇంతే తగ్గుతుంది, కానీ ఫైర్ టైప్‌కి బర్న్ అంటదు. విల్-ఓ-విస్ప్ తగిలితే ఫిజికల్ దెబ్బ సగమైపోయే ఎటాకర్‌కి ఇది చిన్న విషయం కాదు. నీటి అర్షిఫు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం టెరా నొక్కే ముందు రెండుసార్లు ఆలోచించండి.

గేమ్‌లో తయారు చేయడం సులువే. ఎటాక్‌కి ప్రోటీన్, స్పీడ్‌కి కార్బోస్, ఒక్కోటి 10 ఈవీలు కాబట్టి స్టాట్‌కి 26 చొప్పున. మిగిలినవాటిలో 4 ఈవీలు హెచ్‌పీలో వేస్తే 184 అవుతుంది. అంతకుముందు అడ్డదిడ్డంగా ఈవీలు వచ్చి ఉంటే బెర్రీలతో తగ్గించుకోండి, హెచ్‌పీకి పోమెగ్, డిఫెన్స్‌కి క్వాలోట్. నేచర్‌కి ఆడమెంట్ మింట్. ఐవీలు తక్కువుంటే లెవెల్ 50కి చేరాక మాంటెనెవెరా ఊళ్లో బాటిల్ క్యాప్‌లతో హైపర్ ట్రెయినింగ్. స్పెషల్ ఎటాక్ ఐవీ గురించి టెన్షన్ పడక్కర్లేదు, అది వాడం. ఎబిలిటీ మాత్రం రఫ్ స్కిన్ ఉండాలి, దానికి ఎబిలిటీ ప్యాచ్ కావాలి. తాకి కొట్టిన ప్రతివాడికీ ఎనిమిదో వంతు హెచ్‌పీ పోతుంది.

ఆడబోయే ముందు ఏ రెగ్యులేషన్ (ఏ పోకెమాన్లకి అనుమతి ఉందో చెప్పే నియమాలు) నడుస్తోందో చూసుకోండి. ఫ్లట్టర్ మేన్‌కి అనుమతి లేని రెగ్యులేషన్‌లో పైన చెప్పిన 308 లెక్కకి అర్థమే ఉండదు. అప్పుడు ఆ రెగ్యులేషన్‌లో అందరూ వాడుతున్న వేగమైన పోకెమాన్ బేస్ స్పీడ్‌కి 52 కలిపి, 1.1తో గుణించి, దాన్ని దాటడానికి ఎంత కావాలో చూడండి. తర్వాత డ్యామేజ్ క్యాల్క్యులేటర్ తెరిచి, అవతలి పోకెమాన్‌కి నిజంగా అందరూ పెట్టే ఈవీలు, ఐటమ్ పెట్టి కొట్టి చూడండి. 16లో ఎన్ని రోల్స్‌కి పడుతోందో అక్కడే కనిపిస్తుంది. 14 కంటే తక్కువ వస్తే నేను ఐటమ్ మారుస్తాను, అదీ కుదరకపోతే నేచర్.