నిన్నటిదాకా నడిచిన ఓవర్‌క్లాక్ ఇవాళ ఆగిపోతే: సమస్య - పరిష్కారం

"అన్నా, డిసెంబర్ నుంచి 4.8 గిగాహెర్ట్జ్‌లో తిరుగుతున్న సిస్టమ్ ఇవాళ 4.3 దాటట్లేదు. వోల్టేజ్ ఇంకాస్త పెంచనా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడ మీద గదిలో అద్దెకుండే తమ్ముడు మే నెలలో అడిగిన మాట ఇది. అస్సలు వద్దన్నాను. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్ చిప్‌ని కంపెనీ ఇచ్చిన స్పీడ్ కంటే ఎక్కువలో నడపడం. అది ఆగగానే అందరి చెయ్యీ ముందు వోల్టేజ్ మీదకే పోతుంది. కారణం తెలియకుండా వోల్టేజ్ పెంచితే వేడి పెరుగుతుంది, చిప్ ఆయుష్షు తగ్గుతుంది, అసలు తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: సెట్టింగ్‌లు పోయాయా, ఉండి కూడా స్పీడ్ తగ్గుతోందా, లేక సిస్టమే పడిపోతోందా? కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్‌ల మెనూ, అంటే బయోస్‌లోకి వెళ్లి చూస్తే మొదటిది రెండు నిమిషాల్లో తేలుతుంది.

సమస్య 1: బయోస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి వచ్చేశాయి

తమ్ముడి సిస్టమ్‌లో ఉన్నది ఇంటెల్ ఐ7-8700కె ప్రాసెసర్. అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు కంపెనీ ఇచ్చిన స్పీడే 4.3 గిగాహెర్ట్జ్. అంటే ఓవర్‌క్లాక్ చెడిపోలేదు, అసలు లేనే లేదు. బయోస్‌లో తారీఖు ఏళ్ల వెనక్కి వెళ్లిపోయింది. ర్యామ్ కూడా 3200 నుంచి 2133కి పడిపోయింది, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఎగిరిపోయిందన్నమాట.

ఈ రెండూ కలిసి కనిపిస్తే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్‌ని అనుమానించండి. కొత్త సెల్ 3 వోల్ట్‌ల పైనే చూపిస్తుంది. ఇతనిది మల్టీమీటర్ పెడితే 2.4 చూపించింది. ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదంటే, గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటే సెట్టింగ్‌లను కాపాడుతుంది. ముందురోజు రాత్రి గాలివానకు గంటలకొద్దీ కరెంటు పోయింది. అప్పుడు భారమంతా ఆ సెల్ మీదే పడింది. కరెంటు పోయిన మర్నాడే ఓవర్‌క్లాక్ పోయిందంటే సగం జవాబు దొరికినట్టే.

ప్లగ్ తీసేసి, కొత్త సెల్ వేసి, తారీఖు సరిచేసి, సెట్టింగ్‌లు మళ్లీ పెట్టండి. సెల్ వాచీల షాపులో కూడా దొరుకుతుంది, దీనికోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు. బయోస్ సెట్టింగ్‌ల పేజీలన్నీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. నా మాట విని ఈ ఒక్కటీ చేయండి.

తారీఖు సరిగ్గానే ఉండి సెట్టింగ్‌లు మాత్రమే పోతే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, బయోస్ అప్‌డేట్. అది సెట్టింగ్‌లను తుడిచేస్తుంది, కొన్నిసార్లు దారే మూసేస్తుంది. 2016లో పేరు చివర కె లేని ఇంటెల్ స్కైలేక్ చిప్‌లకు బేస్ క్లాక్ (చిప్ స్పీడ్‌కి మూలమైన క్లాక్) పెంచి ఓవర్‌క్లాక్ చేసే వీలు కొత్త బయోస్‌లతోనే పోయింది. రెండోది, బూట్ వరుసగా ఫెయిలైతే బోర్డే తనంతట తాను డిఫాల్ట్‌కి రావడం. అలాగైతే సమస్య 3 చూడండి.

సమస్య 2: సెట్టింగ్‌లు ఉన్నాయి, లోడ్ పడగానే స్పీడ్ తగ్గుతోంది

సెల్ మార్చి 4.8 పెట్టాక తమ్ముడి సిస్టమ్‌లో మాకు ఎదురైంది ఇదే. వేడి, స్పీడ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో తెరిచి, ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ పెట్టే సినీబెంచ్ నడిపితే కొద్దిసేపటికే 100 డిగ్రీలు తాకి స్పీడ్ జారిపోయింది. ఆ చిప్‌కి 100 డిగ్రీలే హద్దు, అది దాటకుండా తనే వేగం తగ్గించుకుంటుంది.

డిసెంబర్‌లో గది 25 డిగ్రీలు. మేలో, ఎండకి కాగిన స్లాబ్ కింద 38. గదిలో ఎంత వేడి పెరిగితే చిప్ మీద కూడా సుమారు అంతే పెరుగుతుంది. చలికాలంలో 86 దగ్గర హాయిగా నడిచింది ఇప్పుడు 99కి చేరుతుంది. దానికి తోడు దుమ్ము. కూలర్ ఫ్యాన్ విప్పితే రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పట్టి, గోటితో లాగితే పొరగా ఊడొచ్చింది. కింద, చిప్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండి, అంచుల్లో పెచ్చులుగా లేస్తోంది.

బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. క్యాబినెట్‌ని గోడకి ఆనించకండి. ఇవన్నీ చేశాక అతనికి 91 వచ్చింది. అయినా జూన్ వానలు పడేదాకా 4.6కి దించి, వోల్టేజ్ కూడా తగ్గించమన్నాను. హైదరాబాద్‌లో ఎండాకాలానికో ప్రొఫైల్, చలికాలానికో ప్రొఫైల్ ఉండడమే న్యాయం.

వేడి లేకుండానే అరనిమిషానికి స్పీడ్ పడిపోతే అది పవర్ లిమిట్, అంటే చిప్ ఎంత పవర్ వాడొచ్చో చెప్పే హద్దు. బయోస్‌లో ఆ హద్దులు చూడండి, కూలర్ తట్టుకునేంత వరకే పెంచండి. కొన్ని ప్రోగ్రాముల్లోనే తగ్గితే ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ (ఏవీఎక్స్ అనే భారీ లెక్కలు నడిచేటప్పుడు స్పీడ్ తగ్గించే బయోస్ సెట్టింగ్) చూడండి.

సమస్య 3: స్పీడ్ వస్తోంది, కానీ బ్లూ స్క్రీన్ లేదా రీస్టార్ట్

ముందు ఎక్స్‌ఎంపీతో సహా అన్నీ డిఫాల్ట్‌లో పెట్టి ఒకరోజు వాడండి. అప్పుడూ పడిపోతే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు. ర్యామ్ స్టిక్‌లు ఒక్కొక్కటే ఉంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. గ్రాఫిక్స్ కార్డుకి కూడా లోడ్ పడినప్పుడే ఆరిపోతుంటే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం పెట్టుకోండి. వీలైతే తెలిసినవాళ్ల దగ్గర మంచిది తెచ్చి మార్చి చూడండి.

డిఫాల్ట్‌లో బాగుంటే ఎక్స్‌ఎంపీ ఒక్కటే ఆన్ చేసి చూడండి, ఆ తర్వాతే ఓవర్‌క్లాక్. ఒకేసారి రెండు మార్చకండి. ఓవర్‌క్లాక్‌తోనే పడిపోతే, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ (హార్డ్‌వేర్ తప్పులు) ఎర్రర్లు కనిపిస్తుంటే, చిప్ అరిగి ఉండొచ్చు. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి ఏళ్లతరబడి పడితే అదే స్పీడ్‌కి మునుపటికంటే ఎక్కువ వోల్టేజ్ అడుగుతుంది. దీనికి మందు లేదు. 100 మెగాహెర్ట్జ్ చొప్పున దించుతూ, నిలిచిన చోట ఆగండి.

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లున్నవాళ్లు మాత్రం బయోస్ అప్‌డేట్ వాయిదా వేయకండి. చిప్ అవసరానికి మించి వోల్టేజ్ అడిగే లోపానికి 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ బయోస్ అప్‌డేట్‌లతో వచ్చే మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అవి బాగుచేయవు. డిఫాల్ట్‌లోనే క్రాష్ అవుతుంటే బిల్లు వెతికి వారంటీకి పెట్టండి, ఆ లోపం వల్ల చాలా మోడళ్లకు రెండేళ్లు పొడిగించారు.